తడి వేలితో గీసిన నదులు

మా మేనత్త పోయిందని తాండూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నాన్న బర్రెకు గడ్డి వేస్తున్నాడు. విని, ఆ గడ్డి చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. "పోదాం పా బిడ్డా" అన్నాడు. ఆ మాట ఆమె బతికుండగా అని ఉంటే ఎంత బాగుండేది! నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అత్త బడిలో సోషల్ చెప్పేది. ఇంట్లోనూ అదే పని. వేసవి సెలవుల్లో నేను వెళ్తే, వరండాలో తాండూరు బండల మీద కూర్చోబెట్టి, చెంబులో వేలు ముంచి ప్రపంచం గీసేది. ఆఫ్రికా పూర్తయ్యేలోపు అమెరికా ఆరిపోయేది. "బిరాన చూడే, దేశం ఎండిపోతున్నది" అని నవ్వేది. అట్లాంటిక్‌లో ఓడల్ని మింగే త్రికోణం ఉందట కదా అని నేను భయపడితే, "మింగుడు లేదు, ఏం లేదు. మునిగిన ఓడనే అందరు యాది జేస్తరు. ఒడ్డు జేరినదాన్ని ఎవ్వలడుగుతరు?" అంది.

ఇంకోసారి బాలి, లంబోక్ అని రెండు దీవులు గీసింది. మధ్యలో సన్నటి సముద్రం. ఇవతలి పిట్టలు చాలావరకు అవతలికి వెళ్లవట.

"రెక్కలున్నయి గదా అత్తా?"

"ఉంటే ఏమాయె? కొన్ని పిట్టలు దాటయి, గంతే."

కొన్నేళ్లకు ఆ పాఠం మా ఇంటికే వచ్చింది. తాత ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెలకా, నాన్న చెలకా మా ఊరు పూడూరులో పక్కపక్కనే. గట్టు జరిగిందని ఆమె, జరగలేదని ఈయన. మాట మీద మాట పెరిగింది. రాఖీకి రావడం ఆమె మానేసింది, పిలవడం నాన్న మానేశాడు. పంతంలో ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. నేను వెళ్లినప్పుడు మాత్రం జొన్నరొట్టె పెడుతూ, నా మొహం చూడకుండా అడిగేది: "మీ నాయిన కాళ్ల నొప్పులు ఎట్లున్నయే?" ఇంటికొచ్చి చెబితే నాన్న విననట్టే ఉండేవాడు. తర్వాత, ఆమె ఇంకేమన్నదో అమ్మ చేత అడిగించేవాడు.

దినాల నాడు, తాండూరు పక్కన పారే కాగ్నాలో అస్థికలు కలిపి వచ్చాం. నాన్న అన్నం ముట్టలేదు. ఆమె వరండాలోనే కూర్చుండిపోయాడు.

"గా నీళ్లు యాడికి వోతయి బిడ్డా? మన దిక్కు రావా?"

మన దిక్కు పారేది మూసీ. చెంబులో వేలు ముంచి, బండ మీద ముందు అనంతగిరి గుట్టలు గీశాను. అక్కడి నుంచి తూర్పుకు మూసీ, పడమటికి కాగ్నా. కాగ్నాను భీమలో కలిపాను, భీమను కృష్ణలో. ఆ కృష్ణనే కిందిదాకా లాగి, మూసీని తెచ్చి అందులో కలిపాను.

"గీడ కలుస్తయా?" నాన్న అక్కడ వేలు పెట్టాడు.

"కలుస్తయి నాయినా. మస్తు దూరం పోయినంక."

వరండాలోకి ఎండ వచ్చింది. ముందు గీసిన అనంతగిరి ముందే ఆరిపోయింది. రెండు నదులు ఎక్కడ విడిపోయాయో బండ మీద కనబడలేదు. కలిసే చోటు ఇంకా తడిగా ఉంది. నాన్న అక్కడి నుంచి వేలు తీయలేదు.