ఎదురింటి తలుపు ముందు అడిగిన మాట

డిగ్రీల హాస్టల్ దోస్తులు సెలవులకు గోదావరిఖనిల మా క్వార్టర్‌కు వచ్చిండ్రు. పొద్దుగాల ట్రూత్ ఆర్ డేర్ మొదలువెట్టినం. అడిగినదానికి నిజం చెప్పాలె, లేకుంటే చెప్పిన పని చెయ్యాలె. నా వంతు రాంగనే, "గొంతు మార్చి ఎదురింటోళ్లను భయపెట్టు" అన్నరు.

ఎదురింట్ల సరోజక్క ఒక్కతే ఉంది. వాళ్లాయన ఫస్ట్ షిఫ్టుకు పోయిండు. బొగ్గుబాయిల ఎవరికన్న ఏమన్న అయితే, కబురు తెచ్చినోళ్లు ఆడోళ్లకు సక్కగ చెప్పరు, ముందుగాల మొగోళ్ల కోసం అడుగుతరు. అది మా కాలనీల అందరికీ ఎరుకే. నాకు గూడ ఎరుకే. అయినా తలుపు కొట్టి, గొంతు మార్చి అడిగిన: "ఇంట్ల మొగోళ్లు ఎవరన్న ఉన్నరా?"

లోపల గిన్నె కిందపడ్డది. అక్క తలుపు తీసింది. నా మొహం గూడ సూడలే.

"ఏ దవాఖాన?" అన్నది.

"ఉత్తగనే, ఆట అక్కా" అన్న. దోస్తులు నవ్విండ్రు. అక్క తిట్టలే. గడపల కూలబడి, వాళ్లాయన షిఫ్టు దిగి వచ్చేదాక లేవలే.

ఇప్పుడు నేను గూడ బాయిలనే పనిచేస్తున్న. పోయినేడు నాతోటి పనిచేసే అన్న ఇంటికి కబురు తీసుకపోవుడు నా మీద పడ్డది. అదే మాట అడగాలె అనుకుంట తలుపు కొట్టిన. తలుపు తీసిన వదిన నా మొహం సూసి, తనే అడిగింది:

"ఏ దవాఖాన?"