మొలతాడు మీది చిల్లుకాణీ

మా ఆయన బడిపంతులు. కావలికీ సముద్రానికీ మధ్య ఒక పల్లెలో ఆయనకు ఉద్యోగం, నాకు కొత్త కాపురం. నయాపైసలు వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్ళయినా అణాలూ కాణీలూ జనం చేతుల్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు. ఆ రెండు రకాల చిల్లరతో ఊరంతా తికమకపడుతుంటే మా ఆయన ఒక్కరే పండగ చేసుకునేవారు.

ఆయన పిచ్చి, టంకసాలలో తప్పుగా పడిన నాణేలు ఏరడం. అచ్చు రెండుసార్లు పడి అక్షరాలకు నీడ వచ్చినవి, బొమ్మ పక్కకు జరిగినవి, పైపొర పొక్కులా లేచినవి. వాటిని ఒక రేకు డబ్బాలో దూది పరిచి పడుకోబెట్టేవారు. ఆ దూది మా పెళ్ళి పరుపులోది.

చెల్లని పైసాను ఎవరైనా తప్పించుకు తిరుగుతారు, ఈయన ఎదురెళ్ళి తీసుకునేవారు. చేపలమ్మే ఆమె "అయ్యోరికి సొట్టపైసలంటే ఇష్టమంట గదా" అంటూ తనకు అంటగట్టినవన్నీ తెచ్చి మాకు అంటగట్టేది. బండిచక్రం కింద నలిగిందేదో, పుట్టుకతో వచ్చిన అవకరమేదో ఆయన వేలితో తడిమి చెప్పేవారు. ఒకసారి పాపమని డబ్బాలోవన్నీ చింతపండు పెట్టి తోమి తళతళలాడించాను. నాణేల పాతరంగు పోయిందని రెండు రోజులు అన్నం తినలేదు మనిషి. మూడో రోజు తిన్నారు, మాట్లాడకుండా.

పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. కూతురూ అల్లుడూ పొలానికి పోతే రెండేళ్ళ మనవణ్ణి ఆమే చూసుకునేది. వాడి ఒంటి మీద మొలతాడు తప్ప నూలుపోగు ఉండేది కాదు. మొలతాడుకు, దిష్టి తగలకుండా, ఒక చిల్లుకాణీ. యుద్ధం రోజుల్లో నడుమ చిల్లు పెట్టి వదిలిన కాణీ అది, ఊళ్ళో సగం మంది పిల్లలకు అదే నగ. కానీ వీడి కాణీకి చిల్లు నడుమ లేదు. పక్కకు జరిగి, పైనున్న కిరీటం బొమ్మను సగం మింగేసింది.

అది కంటబడిన రోజు మా ఆయన కాఫీ తాగడం మరిచిపోయారు.

"అడగొచ్చు కదా" అన్నాను.

"అడిగితే ఇవ్వదు. బిడ్డకు రక్ష అది. మొలతాడు పాతబడి మార్చేటప్పుడు మెల్లగా అడగాల. అందాకా నువ్వు నోరెత్తబాక" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

ఇక రోజూ సాయంత్రం ఆ పిల్లవాడికి మా అరుగు మీద బెల్లంముక్క. వాడు బెల్లం చప్పరిస్తుంటే ఈయన వాడి బొజ్జ మీదికి వంగి భూతద్దం పెట్టి చూసేవారు. తాడు ఎంత అరిగిందో కూడా చూసేవారు. తాడు గట్టిది. నిట్టూర్చేవారు.

ఒకరోజు నేను రుబ్బురోలు దగ్గరుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"అయ్యోరు చదువుకున్నోడు. నా మనవడి కడుపులో ఏం కనపడతా ఉండాది ఆయనకి? చెప్పమ్మా."

"ఏం లేదవ్వా."

"ఏం లేకుంటే దినామూ అద్దం పెట్టి ఎందుకు చూస్తాడు? మొన్న నిట్టూర్చినాడు. నిన్న తల ఆడించినాడు."

"నిజంగా ఏం లేదవ్వా" అని పిండి వైపు తల దించుకున్నాను. ఒట్టు అడ్డొచ్చిందంటే సగం అబద్ధం. చింతపండు దెబ్బ తర్వాత ఆయన నాణేల జోలికి మళ్ళీ పోవాలంటే భయం. నేను తల దించుకోవడం చూసి అవ్వ ముఖం పాలిపోయింది. ఇంకేమీ అడగకుండా లేచి వెళ్ళింది.

మర్నాడు ఆమె మనవణ్ణి చంకనేసుకుని మొదటి బస్సుకే నెల్లూరు పెద్దాసుపత్రికి పోయిందని తెలిసింది. ఒట్టు గట్టున పెట్టి మా ఆయనకు అంతా చెప్పాను.

"నేను చూసింది కాణీని కదా" అన్నారు.

"ఆమెకు కనపడింది మీరు బొజ్జ చూడటమే."

ఆ రోజు బడి వదిలాక ఆయన ఇంటికి రాలేదు. బస్సు ఆగేచోట నిలబడ్డారు. సిగ్గుతో నేనూ వెళ్ళి నిలబడ్డాను.

పొద్దుగూకే వేళకు బస్సు దిగింది అవ్వ, నవ్వుకుంటూ.

"డాక్టరు నొక్కి నొక్కి చూసినాడయ్యా. గుండ్రాయి మాదిరి ఉండాడంట. మీరు అన్ని దినాలు కనిపెట్టి చూసినారు గాబట్టే నేను పోయినా. ఏ దిష్టి తగిలిందో, అంతా ఆ కాణీయే లాక్కోనుంటాది. వచ్చేటప్పుడు పెన్న వంతెన మీద తెంపి ఏట్లో ఏసినా. ఏరు నిండుగా పోతా ఉండాది. పీడ పోయింది."

వాడి నడుముకు కొత్త నల్లతాడు ఉంది, అంతే.

మా ఆయన నోరు తెరిచారు. ఇప్పుడేదో అనేస్తారని, ఆ ముసలమ్మ సంతోషం అక్కడే కూలిపోతుందని భయపడ్డాను. ఆయన నోరు మూసుకున్నారు. చేతులు చాచి పిల్లవాణ్ణి ఎత్తుకున్నారు.

"మంచి పని చేసినావవ్వా" అన్నారు.

వాడి నడుము మీది కొత్త తాడును ఒకసారి వేలితో తడిమారు. బిడ్డ మీద ప్రేమ అనుకుని అవ్వ కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన రెండేళ్ళకు, ఆ బస్సు దుమ్ములో, మా ఆయన నాకు నచ్చారు.