నూనెచుక్క కొనని మోటారుసైకిల్

కుట్టుమిషన్లు బాగుచేసే ఆమెను ఆ వీధిలో అందరూ నూనెచుక్క అనే పిలుస్తారు. ఎంత మొండికేసిన మిషన్ తెచ్చినా ముందు ఒక చుక్క నూనె వేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెవి ఆనించి వింటుంది. "జబ్బేం లేదండీ, దారప్పోగు మింగి కూర్చుంది" అంటుంది. కొట్టు అగ్గిపెట్టెంత. మిషన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవడంతో వచ్చినవాళ్లు గుమ్మం బయటే నిలబడాలి. పక్కగది ఖాళీ అయిందని తెలియగానే ఆమె అప్పు కోసం బ్యాంకుకు వెళ్లింది.

అధికారి కంప్యూటర్లోకి చూసి పెదవి విరిచాడు.

"కుదరదమ్మా. మోటారుసైకిల్ అప్పు వాయిదాలు ఎగ్గొట్టినట్టుంది మీ క్రెడిట్ రిపోర్టులో."

"మోటారుసైకిలా? నాకు సైకిలే రాదండీ!"

"అయితే మీ రిపోర్టు తెప్పించుకుని చూడండి. ఉచితంగానే ఇస్తారు. తప్పుంటే దిద్దించుకోవచ్చు."

ఆ మధ్యాహ్నం ఆమెకు పని మీద మనసు నిలవలేదు. బతుకులో తీసుకున్నది ఒక్కటే అప్పు, పనిముట్ల కోసం. అదీ గడువుకు ముందే తీర్చేసింది. అలాంటిది ఎగ్గొట్టిందన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

ఇంట్లో సంగతి వినగానే అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

"నాకొక్క మాటైనా చెప్పకుండా బండి కొన్నావా? ఎక్కడ దాచావే?"

"మీరు కూడానా అత్తయ్యా! ఒట్టు, నాకేం తెలీదు."

"నువ్వలా భుజాలు తడుముకుంటుంటే గుమ్మడికాయల దొంగ గుర్తొస్తోంది" అని ఆవిడ నవ్వేసరికి నూనెచుక్కకూ నవ్వొచ్చింది.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. మందుల దుకాణంలో లెక్కలు చూసే ఆమెకు ఇలాంటివి కొట్టినపిండి. ఫోన్లో వివరాలు నింపి రిపోర్టు తెప్పించి, వంటగది బల్ల మీద పెట్టింది.

"పైనున్న క్రెడిట్ మార్కులు చూసి బెంబేలు పడకు వదినా. మొదట్నుంచీ వద్దాం. ముందు పేరూ ఊరూ, తర్వాత అప్పులు, ఆ తర్వాత మన గురించి ఎవరెవరు ఆరా తీశారో."

పేరు సరే. పుట్టినరోజూ సరే. చిరునామా దగ్గర నూనెచుక్క వేలు ఆగింది. రెండున్నాయి. ఒకటి తమది, రెండోది ఊరికి ఆ చివర. గుర్తింపు కార్డు నంబర్లూ రెండే.

"అంటే నాలో ఇంకొకావిడ దూరిందా?"

"అదే పేరు, అదే పుట్టినరోజు. ఇద్దర్నీ కలిపి ఒక్కరిని చేసేశారు!"

ఆడపడుచు అక్కడికక్కడే రిపోర్టు ఇచ్చిన సంస్థకు అభ్యంతరం పంపింది. గుర్తింపు కార్డు, పాత అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం జతచేసింది. అప్పిచ్చినవాళ్లను అడిగి సరిచేస్తామని, నెల దాకా పట్టొచ్చని జవాబొచ్చింది.

"నెలంతా ఇలా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటామా? ఆ మహాతల్లిని చూసొద్దాం పదండి" అంది అత్తగారు. "గొడవకు కాదులే. మా కోడలి రెండో రూపం ఎలా ఉందో చూడాలని."

ముగ్గురూ బస్సెక్కారు. ఆ ఇంటి ముందు ఎర్రటి మోటారుసైకిల్ నిలబడి ఉంది. తడి జుట్టుతో తలుపు తీసిన పొడుగాటి ఆవిడ, పిల్లలకు ఈత నేర్పే టీచరు, వీళ్లను ఎగాదిగా చూసింది.

"బండి అప్పు సంగతి..." అని నూనెచుక్క నసిగింది.

"ఎప్పుడో కట్టేశానండీ! అయినా వసూళ్లకు పెద్దావిడల్ని కూడా పంపుతున్నారా?"

"అయ్యో, అది కాదు. నా పేరూ మీ పేరూ ఒకటే. పుట్టినరోజు కూడా."

విషయమంతా విన్నాక టీచరు పకపకా నవ్వింది. ఆ మధ్య కాలు విరిగి పనికి పోలేక కొన్ని వాయిదాలు తప్పాయని, కోలుకున్నాక అంతా తీర్చానని చెప్పింది. తన రిపోర్టు ఎప్పుడూ చూసుకోలేదట. ఆడపడుచు సాయంతో అప్పుడే తెప్పించుకుంది.

"కుట్టు పనిముట్ల అప్పా? నాకు గుండీ కుట్టడం కూడా రాదే!" అంది. "మచ్చలేని అప్పండీ మీది. మీ పుణ్యమా అని ఇన్నాళ్లూ నా మార్కులు పెరిగాయేమో."

"మీ పుణ్యమా అని నావి తగ్గాయి లెండి!"

టీచరు కూడా అభ్యంతరం పంపింది. ఈలోగా అత్తగారు వీధిలోకి వెళ్లి బండి చుట్టూ తిరుగుతోంది. "మా ఇంటి పేరు చెడగొట్టిన బండి, ఒక్కసారైనా ఎక్కకపోతే ఎలా?" అంది. టీచరు ఎక్కించుకుంది. హెల్మెట్ ముక్కు మీదికి జారిపోతున్నా, ఆవిడ వీధి చివరిదాకా "ఇంకా వేగం, ఇంకా వేగం" అంటూనే ఉంది.

నెల తిరగకముందే ఇద్దరి వివరాలూ విడిపోయాయి. దిద్దిన రిపోర్టు చూసి బ్యాంకు అప్పిచ్చింది. పక్కగదిలో ఇప్పుడు వచ్చినవాళ్లకు కుర్చీలున్నాయి. వాటిలో కూర్చున్నవాళ్లను నూనెచుక్క "ఏమండీ, మీ రిపోర్టు ఎప్పుడైనా చూసుకున్నారా?" అని అడగకుండా వదలదు.

శనివారాలు ఆమె టీచరు దగ్గర ఈత నేర్చుకుంటోంది. గట్టు వదలడానికి మాత్రం ఇంకా ధైర్యం చాలడం లేదు. ఒడ్డున కూర్చున్న అత్తగారు మాత్రం "వదలవే, నీళ్లేం కరవవు" అని ఊరంతా వినబడేలా అరుస్తూ ఉంటుంది.