పొట్టి పిల్లకు ఊరంతా వైద్యులే

ఏడో తరగతిలోనూ నేను మూడో తరగతి పిల్లలాగే ఉండేదాన్ని. రెండేళ్లు చిన్నదైన చెల్లెలు విడిచిన గౌన్లు నాకు సరిపోయేవి. ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. పట్టుచీరల కోసం వచ్చినవాళ్లంతా ముందు నన్ను చూసి, అడగకుండానే ఒక వైద్యం చెప్పి, ఆ తర్వాతే చీర చూసేవాళ్లు. దూలం పట్టుకుని వేలాడమన్నాడు పెదనాయన. వేలాడితే చేతులు నొప్పి పుట్టాయి గానీ కాళ్లు పెరగలేదు. అవ్వ దిష్టి తీసింది. కూర్చున్నచోటే నిద్రపోతుంటే బుద్ధిమంతురాలన్నారు. ఉబ్బిన ముఖాన్ని కళ అన్నారు. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుంటే సుకుమారమన్నారు. జబ్బుకు ఇన్ని బిరుదులిచ్చిన బంధువులు ఇంకెవరికీ ఉండరేమో.

చివరికి నాయన హిందూపురం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు గోడకు ఆనించి కొలిచి, రక్తం తీయించి, ఎదుగుదల హార్మోను తక్కువని తేల్చాడు. ఏళ్ల తరబడి రోజూ సూది వేయాలన్నాడు. నా మెడ వైపు మాత్రం చూడలేదు. నాయన తలూపాడు. మందు పేరు ఎంత పొడుగైతే ఆయనకు అంత నమ్మకం.

సూదులు మొదలుకాక ముందే, పెనుకొండలోని మేనత్త తనకు థైరాయిడ్ మందిచ్చే డాక్టరమ్మకు చూపించమని పట్టుబట్టింది. ఆ డాక్టరమ్మ నా మెడ తడిమి చూసింది. చలి ఎక్కువా, మలబద్ధకమా, బడిలో నిద్ర వస్తుందా అని అడిగింది. అన్నింటికీ అవునన్నాను. బడిలో ఏ పరీక్షలోనూ అన్ని జవాబులు చెప్పి ఎరుగను. రక్తం పరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది.

“మరి ఆ ఇంకో హార్మోను తక్కువుండాదని హిందూపురంలో చెప్పినారే మేడమ్?” అన్నాడు నాయన.

“థైరాయిడ్ తగ్గితే అదీ సరిగా ఊరదు, పరీక్షలో తక్కువే కనబడుతుంది. ఊరిన ఆ కొంచెం హార్మోను మాట కూడా ఎముకలు వినవు. ముందు దీన్ని సరిచేద్దాం. సూదుల సంగతి తర్వాత.”

రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే. కొన్ని నెలలకు ముఖంలో కళ పోయింది, నిద్ర పోయింది, బుద్ధీ పోయింది. ఎదురు మాట్లాడటం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి లంగాలు పొట్టివయ్యాయి. మళ్లీ పరీక్ష చేయిస్తే ఎదుగుదల హార్మోను మామూలుగానే ఉంది. సూది అవసరం రాలేదు. పోయిన ఏళ్ల ఎత్తంతా తిరిగి రాలేదు. చెల్లెలి చెవి దాకా వచ్చి ఆగాను.

మొన్న ఒక పెళ్లిలో చిన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. “ఎదిగినావు కదమ్మా, ఇంకా ఆ మాత్రలు మింగుతాండావేల? వేడి చేస్తాది” అంది. నేను ఎదిగినా మెడలోని థైరాయిడ్ గ్రంథి ఇంకా పనిలోకి దిగలేదని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ధనియాల కషాయం ఎట్లా కాచుకోవాలో వివరించింది.