రాజన్న మిషన్ మీద చేసిన పని

నా వల్ల ఒక మనిషి చనిపోయాడు. ఆ నేరం మీద పడి ఇంకో మనిషి జైలుకు పోయాడు. ఈ రెండు మాటలను ఏళ్ల తరబడి మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ముక్కూమొహం తెలియని మీకు చెబుతున్నాను. తెలియని వాళ్లు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను ఒమాన్‌లో, షినాస్ అనే ఊళ్లో ఒక లేత్ వర్క్‌షాపులో పని చేసేవాణ్ని. పడవల షాఫ్టులు, తోటల్లో పంపుల భాగాలు బాగుచేయడం మా పని. రెండు లేత్ మిషన్లు ఉండేవి. ఒకటి నాది, ఒకటి రాజన్నది. రాజన్న మా జగిత్యాల వైపు మనిషే, నాకంటే పెద్ద. నన్ను ఒమాన్‌కు పిలిపించిందీ, చేయి పట్టి పని నేర్పిందీ ఆయనే. వచ్చిన ప్రతివాడూ రాజన్న ఎక్కడ అని అడిగేవాడు. అది నాకు లోపల గుచ్చుకునేది. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే మిగతాదంతా పొరపాటు అనుకుంటారు.

ఒకరోజు నాసర్ అనే పడవల యజమాని పిస్తోలు పట్టుకొచ్చాడు. వాళ్ల నాన్న నాటిది. సన్నగా, అరచేతిలో ఇమిడిపోయేంత. తోటలో మేకలను కుక్కలు చంపుతున్నాయట. దీని తూటా తగిలినా కుక్క కుంటుతూ పారిపోతుందే తప్ప పడదట. ఇంకా బలమైన తూటా పట్టేలా తొలిచి ఇమ్మని, ఆ పెద్ద తూటా తీసి బల్ల మీద పెట్టాడు.

రాజన్న దాన్ని ముట్టుకోలేదు. "నై భాయ్, యే హమారా కామ్ నహీ" అన్నాడు. నాసర్ వెళ్లాక నాతో, "తమ్మీ, గొట్టం చూస్తే సన్నగున్నది. గంత బలమైన తూటా పెడ్తే పట్టుకున్నోని చేతులనే పేలుతది" అన్నాడు.

నేను నవ్వాను. ఆ సాయంత్రమే నాసర్‌ను కలిసి, నేను చేసిస్తానన్నాను.

శుక్రవారం పొద్దున షాపుకు సెలవు. రాజన్న రూమ్‌లో బట్టలు ఉతుక్కుంటున్నాడు. నేను షట్టర్ సగం ఎత్తి లోపలికి దూరాను. నా మిషన్ కొంచెం అదురుతుంది కాబట్టి ఆయన మిషన్ మీద పని మొదలుపెట్టాను. నిజంగా అందుకేనా? ఆయన వద్దన్న పనిని ఆయన మిషన్ మీదే చేసి చూపాలన్న కసి కాదా?

తూటా కూర్చునే చోట లోహం మరీ పలచబడింది. వెలుతురుకు పట్టి చూశాను. వెంట్రుకంత గీత. అది పగులు కాదు, పైపైన పడిన గాటు అనుకున్నాను. అనుకున్నానా, అలా అనుకుని తీరాలని మొండికేశానా? పాలిష్ పట్టాను. గీత కనబడకుండా పోయింది.

నాసర్ వచ్చి తీసుకుంటూ, "పక్కా?" అన్నాడు.

"పక్కా" అన్నాను.

ఆ తర్వాత షాపు ముందు బండి ఆగితే చాలు, నాసర్ మనుషులేమోనని తొంగిచూసేవాణ్ని. తోట ఎంతో దూరం లేదు. వెళ్లి, వద్దు, తిరిగి ఇచ్చెయ్ అనవచ్చు. రేపు వెళ్దాం అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను.

అది నాసర్ చేతిలోనే పేలింది. ఒక ముక్క కంట్లోంచి లోపలికి దిగింది. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడకుండానే పోయాడు.

మా షాపులో చేయించాడన్నంత వరకే నాసర్ తమ్ముడికి తెలుసు. పోలీసులు వచ్చారు. తొలిచిన లోహపు పొట్టు రాజన్న మిషన్ కింద దొరికింది. తాను కాదని రాజన్న ఎంత మొత్తుకున్నా వినలేదు. మా అర్బాబ్, అంటే షాపు యజమాని, నా వైపు తిరిగి, ఆ మిషన్ నువ్వు వాడతావా అని అడిగాడు. "నహీ అర్బాబ్. రాజన్న తన మిషన్ ఎవరినీ ముట్టనివ్వడు" అన్నాను. ముట్టనివ్వడన్నది నిజమే. ఆ నిజం చాటున దాక్కున్నాను.

బండి ఎక్కించే ముందు రాజన్న నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, నా మొఖం చూసి చెప్పు. నువ్వేనా?"

"నేను కాదన్నా."

ఆయన "సరే" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఆ "సరే" ఏమిటి? నమ్మాడా? తెలిసిపోయిందా? తెలిసి వదిలేశాడా? నాకు ఇప్పటికీ తెలియదు.

రాజన్న ఇంటామె ఊరి నుంచి ఫోన్ చేసింది. "తమ్మీ, మీ అన్న అసొంటోడు కాదని నువ్వన్న చెప్పు. నీ మాట ఇంటరు" అని ఏడ్చింది. "చెప్త వదినా" అన్నాను. ఫోన్ పెట్టేసి డ్యూటీకి పోయాను. ఆ రోజు నుంచే నాకు రాజన్న మిషన్ ఇచ్చారు. మంచి మిషన్. అదరదు.

ఆయన శిక్ష అనుభవించి ఊరికి పోయాడు. నాకెప్పుడూ ఫోన్ చేయలేదు. నేను ఒమాన్‌లోనే బౌషర్ అనే చోట ఇంకో కంపెనీకి మారాను. పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాటకు విలువ ఎంతో మీరు చూశారు. క్షమించమనీ అడగను. అది మీ చేతుల్లో లేదు.

కానీ ఇది ఒక్కసారైనా నా నోటితో అనాలి. రూమ్‌లో వాళ్లంతా డ్యూటీకి పోయారు. ఇప్పుడు గట్టిగా, పైకే అన్నాను.

ఆ పిస్తోలు తొలిచింది రాజన్న కాదు. నేను.