డంపర్ల ఆఖరి కిస్తీ

పంజాగుట్టలోని ఒక గనుల కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చిందని ఫోన్ వస్తే, సంతోషపడాల్సింది పోయి వాళ్ల వార్షిక నివేదిక పంపమని అడిగాను. అంతకుముందు పనిచేసిన కంపెనీ రెండు నెలల జీతం ఎగ్గొట్టి తాళం వేసుకుని పోయింది. అప్పటి నుంచి ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉన్నాను. ఇంకోసారి అలా మోసపోతే తట్టుకునే ఓపిక నాకు లేదు. చేరతానో లేదో శుక్రవారం సాయంత్రంలోపు చెప్పమన్నారు.

శుక్రవారం పొద్దున అమీర్‌పేటలో మా ఆయన టైలరింగ్ షాపులో కూర్చుని ఫోన్‌లో ఆ నివేదిక చదివాను. ఆ కంపెనీ రాళ్లు మోసే డంపర్లను ఫైనాన్స్ లీజుకు తీసుకుంది. అంటే నడుపుకునేది వీళ్లే, కిస్తీలు కట్టేది వీళ్లే. చివరి కిస్తీ కట్టేదాకా కాగితాల మీద మాత్రం బండి ఫైనాన్స్ వాళ్లది. అంతవరకు బాగానే ఉంది. ఏడాదిలోపు కట్టాల్సిన లీజు బాకీ అనే లైన్ దగ్గర ఆగిపోయాను. నిరుటి కంటే మూడింతలైంది.

నాకు ఒళ్లు మండింది. ఒక్క ఏడాదిలో ఇంత అప్పు చేసినవాళ్లు నాకేం జీతమిస్తారు? బీకామ్ చదివి, ఇదే అమీర్‌పేటలో కోచింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని, నన్నే బురిడీ కొట్టిద్దామనుకున్నారా అని పైకే అనేశాను. రానని మెసేజ్ కూడా టైప్ చేశాను.

మా ఆయన పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కత్తెర పక్కన పెట్టి ఏమైందని అడిగాడు. విసుగ్గానే చెప్పాను. ఏడాది దాటాక కట్టాల్సింది ఎంతుందని అడిగాడు. అది పైన ఇంకో లైన్, మీకెందుకు అన్నాను. అయినా చూశాను. నిరుడు అక్కడ పెద్ద అంకె ఉంది. ఈ ఏడాది చిన్న గీత తప్ప ఏమీ లేదు.

"మన ఎంబ్రాయిడరీ మిషన్ సుత గట్లనే గద," అన్నాడు. "ఆఖరి కిస్తీ పెద్దగుంటదని ముందే చెప్పిండ్రు. వచ్చే దసరాకు కట్టాలె. మనం కొత్తగ అప్పు చేసినమా? బాకీ పెరగలే, గడువు దగ్గరికొచ్చింది."

మళ్లీ ఆ రెండు లైన్లూ చూశాను. నిరుడు పై లైన్‌లో ఉన్న బాకీయే ఈ ఏడాది కింది లైన్‌లోకి దిగింది. రెండూ కూడితే మొత్తం తగ్గింది. అది కట్టేస్తే డంపర్లన్నీ వాళ్ల సొంతం. సరే, కట్టడానికి డబ్బుందా? బ్యాంకులో ఎంతుందో చూశాను. బాకీ తీరగా ఇంకా బాగానే మిగులుతుంది. నా మొండితనం కొద్దీ ఇంకో రెండుసార్లు చూసి, అప్పుడు హమ్మయ్య అనుకున్నాను. సర్టిఫికెట్ నాది, అర్థమైంది ఆయనకి. ఇంకో రోజైతే ఉడుక్కునేదాన్ని. ఆ పూట ఆయన తాగిన టీ గ్లాసు కూడా నేనే కడిగాను.

మెసేజ్ చెరిపేసి ఆఫీసుకు ఫోన్ చేశాను. చేరతానని చెప్పాను. అవతలి ఆవిడ చాలా మామూలుగా, "సరే మేడం, సోమవారం తొమ్మిదిన్నరకు వచ్చేయండి," అంది.

ఫోన్ పెట్టేసి షాపు లోపల బట్టల తాన్ల వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఎనిమిది నెలల తర్వాత, సోమవారం పొద్దున నేను వెళ్లాల్సిన చోటు ఒకటుంది.