మాంగ్ ఒదీ విచారణ

ఇండోనేషియాలోని బాండుంగ్‌లో ఊరంతా ‘మాంగ్’ అని, అంటే బాబాయ్ అని, పిలుచుకునే ఒదీ దృష్టిలో లోకంలోని ప్రతి వస్తువూ నిర్దోషిగా తేలేవరకు ముద్దాయే. సందేహం జ్ఞానానికి తలుపు అంటారు పెద్దలు. ఆయన దగ్గర మాత్రం అది గొళ్లెం. వేప్‌లు, అంటే బ్యాటరీ సిగరెట్లు, అమ్మి బాగుచేసే ఆయన దుకాణానికి ఇంత న్యాయశాస్త్రం దేనికని వీధి నవ్వుతుంది. ఇంట్లో అన్నం పలుకైతే పొయ్యిని, గిన్నెను, నీళ్లను వరసగా విచారిస్తాడు.

"ఇక మిగిలింది నేనేగా, బేడీలు వెయ్యి," అంటుంది భార్య ఇమాస్.

ఒక మధ్యాహ్నం వ్యాన్ డ్రైవరు రుస్మానా రొప్పుతూ వచ్చాడు. కూతురి ఉబ్బసం చూడలేక అతడు లవంగం సిగరెట్లు మానేసి నెల దాటలేదు. వాటికి బదులు పట్టుకున్న వేప్, తానే తీగ చుట్టి దూది పెట్టుకునే రకం, ఆ పూట తెర మీద ‘షార్ట్’ అని చూపి మొరాయించింది. ఎదురుగానే సిగరెట్లమ్మే బడ్డీకొట్టు, అతని చూపు పదేపదే అటే పోతోంది.

"తొందరగా చూడు మాంగ్! లేకపోతే ఆ కొట్టుకు పోతా."

"పోదువులే. తీగ ఎక్కడ చుట్టావ్?"

"నిన్న, ఎర్రలైటు పడినప్పుడు."

"వ్యాన్లో ఎవరెవరున్నారు?"

"వాళ్లకీ దీనికీ ఏంటి సంబంధం!"

"లేదని తేలితే వదిలేస్తా."

బ్యాటరీ తీసి పక్కన పెట్టి, పైభాగాన్ని విప్పి, మరో వేప్ బ్యాటరీ పెట్టెకు బిగించి చూశాడు. అక్కడా షార్టే.

"నీ పెట్టె నిర్దోషి. దోషం తలలో ఉంది."

"నా తలలోనా?"

"దీని తలలో. నీ సంగతి తర్వాత."

లోహపు టోపీ తీశాడు, దూది లాగాడు, మరలు బిగించాడు, నడిమి మేకు చుట్టూ ఉన్న రబ్బరు వలయాన్ని భూతద్దంతో పరీక్షించాడు. అన్నీ నిర్దోషులే. ఇప్పుడు తీగను మీటరుతో కొలిస్తే లెక్క సరిగ్గా ఉంది. టోపీ పెట్టాడు: షార్ట్. తీశాడు: సరి.

"ఇదేం విడ్డూరం!" రుస్మానా స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"నన్నడుగుతావేం? కళ్లు నీకూ ఉన్నాయిగా."

రుస్మానా భూతద్దం లాక్కుని వంగాడు. మర దాటి, కత్తిరించకుండా వదిలేసిన తీగ తోక వెంట్రుకంత బయటికి పొడుచుకు వచ్చింది.

"దొరికింది! టోపీకి తగులుతోంది మాంగ్, ఇదిగో దొంగ!"

తన చేత్తోనే కత్తిరించాడు. కొత్త దూది పెట్టి, ద్రవం చుక్కలు వేసి, టోపీ మూశాడు. వేప్ పనిచేసింది. బడ్డీకొట్టు సంగతే అతనికి గుర్తులేదు.

అంతలో ఒక కాలేజీ అమ్మాయి అదే జబ్బుతో ఇంకో వేప్ తెచ్చింది. ఒదీ టోపీ తీసి, తోక కత్తిరించి, రెప్పపాటులో పంపేశాడు.

రుస్మానా మండిపడ్డాడు. "ఆ అమ్మాయిది చిటికెలోనా? నాది ఇంతసేపా?"

"ఆ అమ్మాయికి తొందర లేదు, తొందరగా పంపేశాను. సిగరెట్ కోరిక పిలవని చుట్టం, నాయనా. కాసేపు ఎవరూ పలకరించకపోతే అదే లేచిపోతుంది. అందాకా నీతో మాట్లాడాను."

"అంటే తోక నీకు ముందే కనబడిందా?"

"టోపీ తీయగానే."

రుస్మానా తిట్టబోయి, నవ్వేసి, వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. వేప్ బల్ల మీద పెట్టి తలవంచుకున్నాడు.

"ఏమైంది దీనికి?"

"దీనికేం కాలేదు, మాంగ్. బాగానే ఉంది."

ఒదీ అతని ముఖం ఒకసారి, ఎదుటి బడ్డీకొట్టు ఒకసారి చూశాడు. స్టూలు ముందుకు జరిపి, భూతద్దం తీశాడు.

"బాగానే ఉందని నువ్వంటే సరా? కూర్చో. రుజువు కావాలి."